మట్టల ఆదివారం ఊరేగింపు పిల్లలతో ఎలా చేయించాలి

మా సోంపేట వైపు సండే స్కూల్ నడిపే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఏటా అడుగుతుంటారని రాస్తున్నాను. మట్టల ఆదివారమంటే ఈస్టర్‌కు ముందు ఆదివారం, యేసు యెరూషలేముకు వస్తుంటే జనం మట్టలు పట్టుకొని ఎదురెళ్లింది తలుచుకునే రోజు.

మట్టలు శనివారం సాయంత్రం కోయించండి. అంతకు ముందే కోస్తే వాడిపోతాయి. నా మటుకు ఈత మట్టే మంచిది. యోహాను సువార్త 12వ అధ్యాయంలో జనం పట్టుకున్నవి ఖర్జూరపు మట్టలు, మన ఈత చెట్టు ఖర్జూరానికి దగ్గరి చుట్టం. కాకపోతే మట్ట మొదట్లో గట్టి ముళ్లుంటాయి. వాటిని కత్తితో చెక్కేసి, పట్టుకునే చోట మీ చేత్తో తడిమి చూశాకే పిల్లలకివ్వండి. కొబ్బరాకు వాడితే కింది మట్టలే తీయండి. మెత్తగా ఉంటుందని మొవ్వు (చెట్టు నడినెత్తిన వచ్చే లేత ఆకు) జోలికి పోవద్దు. 2018లో తిత్లీ తుఫానుకు మా ఉద్దానం ప్రాంతపు కొబ్బరి తోటలు ఎలా కూలాయో చూసినవాళ్లం, లేత చెట్టు మొవ్వు మీద కత్తి పెట్టడానికి మనసొప్పదు.

బయల్దేరే ముందు జెకర్యా 9:9 ఒక పెద్దపిల్ల చేత చదివించండి. రాజు గాడిద పిల్లనెక్కి, దీనుడై వస్తాడని అందులో ఉంది. అలా వచ్చిన యేసుకు ఆదివారం జేజేలు కొట్టారు, ఆ శుక్రవారమే సిలువ వేశారు. పిల్లలకు ఈ రెండూ కలిపే చెప్పండి.

ఊరేగింపు గురించి మనకు దొరికే తొలి వివరమైన కథనం ఎజీరియా అనే యాత్రికురాలిది. పడమటి దేశాల నుంచి 380ల్లో యెరూషలేముకు వెళ్లి, చూసిందంతా తన ఊరి సోదరీమణులకు ఉత్తరంగా రాసింది. మధ్యాహ్నం ఒంటిగంటకు జనం ఒలీవల కొండ మీద చేరేవారు. పాటలు, వాక్యం అయ్యాక సాయంత్రం ఐదింటికి బిషప్‌కు ముందు నడుస్తూ దిగేవారు. నడవలేని పసివాళ్లు అమ్మానాన్నల మెడలెక్కి, చేతుల్లో ఖర్జూర, ఒలీవ కొమ్మలతో వచ్చేవారు. ‘ప్రభువు పేరట వచ్చువాడు స్తుతింపబడునుగాక’ అని అందరూ పలుకుతుండేవారు. జనం అలసిపోకూడదని మెల్లగా, మెల్లగా నడిచేవారట.

ఆ ‘మెల్లగా’ అన్నదే మీరూ పట్టుకోండి. మైకు బండి వేగానికి పిల్లల్ని పరుగెత్తించొద్దు. బండిని వెనకుంచి, ముసలివాళ్ల నడకను బట్టి నడవండి. ఎండ ముదరకముందే, ఏడింటికల్లా బయల్దేరండి. దారిలో ఒకచోట నీళ్లు పెట్టించండి. నడవలేని అవ్వల గుమ్మం ముందు ఆగి, ఒక పాట పాడి, ఒక మట్ట చేతికిచ్చి కదలండి.

ఎండిన మట్టలు చెత్తలో వేయకండి. దగ్గర్లో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) చర్చి ఉంటే అడిగి ఇవ్వండి, వచ్చే ఏడు బూడిద బుధవారానికి, అంటే శ్రమకాలం మొదలయ్యే రోజున నుదుట పెట్టే బూడిదకు, వాటినే కాలుస్తారు.