కొలంబస్, కోర్టెస్ కాలం నాటి పత్రాలు చదవడం ఎలా

కొలంబస్, మెక్సికోని ఆక్రమించిన కోర్టెస్, పెరూని ఆక్రమించిన పిజారో, వీళ్ళ గురించి ఏది వెతికినా ఎక్కువగా దొరికేది వాళ్ళు రాసుకున్నదే, లేకపోతే వాళ్ళ వెంట వెళ్ళినవాళ్ళు రాసింది. దాంతో కొందరు ఇవన్నీ అబద్ధాలే అని పక్కన పెట్టేస్తారు, కొందరేమో ఉన్నదున్నట్టు నమ్మేస్తారు, నన్నడిగితే రెండు రకాలుగానూ నష్టమే. ఎందుకంటే అమెరికా ఖండాల్లో అంతకుముందు నుంచీ ఉంటున్న జనానికి ఏం జరిగిందో చాలావరకు ఆక్రమించినవాళ్ళ కాగితాల్లోనే ఉంది, వాళ్ళే తమ చేత్తో రాసిపెట్టారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అనుమానపడాలో తెలిస్తే అది బయటికొస్తుంది.

ముందు చూడాల్సింది మీ చేతిలో ఉన్నది అసలు కాగితమేనా, ఎవరు ఎవరికి రాశారు, ఏం ఆశించి రాశారు అన్నది. కొలంబస్ మొదటి ప్రయాణం డైరీనే తీసుకోండి, అసలు ప్రతి ఎప్పుడో పోయింది, ఇప్పుడు మనం చదివేది లాస్ కాసాస్ అనే మతగురువు తర్వాతి కాలంలో కుదించి రాసుకున్నది. అందులో కొన్నిచోట్ల కొలంబస్ మాటల్నే "నేను" అంటూ యథాతథంగా ఎత్తి రాశాడు, చాలాచోట్ల "అడ్మిరల్ (అంటే కొలంబస్) ఇలా చేశాడు" అని తన మాటల్లో చెప్పాడు, కాబట్టి ఒక వాక్యం నచ్చి ఎక్కడైనా వాడే ముందు అది ఏ రకమో చూసుకోండి. అలాగే 1493లో అచ్చయిన కొలంబస్ ఉత్తరం ఉంది, అది రాసింది ఈ ప్రయాణం లాభసాటి అని రాజు రాణీని ఒప్పించడానికి, ఇంకోసారి ఓడలు ఇప్పించుకోవడానికి. అందుకని బంగారం ఇంత ఉంది, సుగంధ ద్రవ్యాలు అంత ఉన్నాయి అనే చోట బాగా తగ్గించి చదవాలి.

కానీ అదే మనిషి మాటవరసకి రాసేసిన చోట ఆగండి. 1492 అక్టోబర్ 12న బహామాస్‌లో ఒక దీవిలో దిగాడు, అక్కడివాళ్ళు దాన్ని గ్వానహానీ అనేవాళ్ళు, ఆ రోజు రాతలోనే వీళ్ళు మంచి నౌకర్లు అవుతారు అని ఉంది, రెండు రోజులు తిరక్కుండానే యాభై మంది ఉంటే చాలు వీళ్ళందర్నీ లొంగదీసుకోవచ్చు అని రాశాడు, కొంతమందిని పట్టుకుని ఓడ కూడా ఎక్కించాడు. వాళ్ళు అతనికి ఏ హానీ చేయలేదు, చిలకలు, నూలు తెచ్చి ఇచ్చారు అని కూడా అతనే రాశాడు. తనకి లాభం ఉన్నచోట అనుమానించండి, దాచాలన్న ఆలోచన కూడా రాకుండా రాసిన చోట గట్టిగా పట్టుకోండి. ఈ ఒక్క అలవాటుతోనే సగం పని అయిపోతుంది.

చట్టపరమైన కాగితాలు చదివేటప్పుడు ఇంకో ప్రశ్న వేసుకోవాలి, ఇది నిజంగా ఎవరు వినడం కోసం రాశారు అని. దీనికి 1513 నాటి రెకెరిమియెంతో కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. దాడికి ముందు స్థానికుల ఎదుట చదవాలని స్పెయిన్ తయారుచేయించిన పత్రం అది. దేవుడు లోకాన్ని చేశాడు, పోప్ ఈ భూముల్ని మా రాజులకి ఇచ్చాడు, ఒప్పుకోండి, ఒప్పుకోకపోతే యుద్ధం చేస్తాం, మిమ్మల్నీ మీ భార్యాపిల్లల్నీ బానిసలుగా చేస్తాం, అప్పుడు జరిగే చావులకి తప్పు మీదే, ఇదీ దాని సారాంశం. చదివేది స్పానిష్‌లో, ఆ భాష వాళ్ళకి రాదు, కొన్నిసార్లు మనుషులు లేని ఊళ్ళ ముందు కూడా చదివారు. ఇప్పుడు చివరి లైన్లు చూడండి, ఇదంతా చదివి వినిపించామని సంతకంతో సాక్ష్యం ఇవ్వమని అక్కడున్న నోటరీని అడుగుతారు. అసలు శ్రోత ఆ నోటరీ, అతని వెనక ఉన్న స్పెయిన్ ప్రభుత్వం. రేపు ఎవరైనా అడిగితే చూపించుకోవడానికి ముందే తయారుచేసి పెట్టుకున్న కాగితం ఇది, నాకు ఇది చదివినప్పుడల్లా కోపం వస్తుంది, రావాలి కూడా.

ఇక జబ్బుల విషయం, ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. "యూరప్ జబ్బులకి తట్టుకోలేక జనం అంతరించిపోయారు" అని ఒక వాక్యం చాలా పుస్తకాల్లో కనపడుతుంది, అందులో చేసినవాడు ఎవడూ ఉండడు. అలాంటి వాక్యం కనపడగానే తేదీలు రాసుకుని పక్కపక్కన పెట్టండి. హిస్పానియోలా దీవిలో, అంటే ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్నచోట, టైనో జనం ఉండేవాళ్ళు. 1492కి ముందు ఎంతమంది అన్నదాని మీద చరిత్రకారులు వేసే అంచనాలకి పొంతనే ఉండదు, కానీ 1514లో స్పెయిన్‌వాళ్ళే పనికి పంచుకోవడం కోసం లెక్క రాస్తే సుమారు 26 వేలమందే తేలారు. మశూచి ఆ దీవికి చేరింది 1518 చివర్లో. మరి అప్పటిదాకా ఏం జరిగింది? బంగారం దొరికే ప్రాంతాల్లో 14 ఏళ్ళు దాటిన ప్రతి మనిషీ మూడు నెలలకోసారి ఒక చిన్న మువ్వ నిండా బంగారం తెచ్చివ్వాలని పన్ను పెట్టారు, తర్వాత ఎన్‌కొమియెండా పేరుతో మనుషుల్ని గనులకీ పొలాలకీ పంచేశారు, సొంత పంటలు వేసుకునే తీరిక లేక ఆకలి, తిరగబడితే యుద్ధం. వేరే జబ్బులు ముందే వచ్చి ఉండొచ్చు, కాదనను, కానీ తిండి లేక పని భారంతో నలిగిన ఒంటిని జబ్బు ఎంత తేలిగ్గా పడగొడుతుందో వేరే చెప్పాలా.

అలాగని ఇదే లెక్క ప్రతిచోటా వేసేయకండి. మెక్సికోలో 1520లో మశూచి యుద్ధం మధ్యలోనే వచ్చింది, మెక్సికా జనం (అజ్టెక్‌లు అంటాం కదా, వాళ్ళే) పాలకుడు క్విత్లావాక్ దానితోనే చనిపోయాడు, 1521 ఆగస్ట్ 13న టెనోచ్‌టిట్లాన్ పడిపోయేనాటికి వాళ్ళ రాజధాని అయిన ఆ నగరం ముట్టడి, ఆకలి, జబ్బు మూడింటితో చితికిపోయి ఉంది. అందుకే ఏ చోటికి ఆ చోటు తేదీలు వేసుకోవాలి.

స్పెయిన్‌వాళ్ళలోనే ఎదురు మాట్లాడినవాళ్ళని తప్పక చదవండి. 1511లో శాంటో డొమింగోలో మాంటెసీనోస్ అనే గురువు చర్చిలోనే వలసదారుల మొహం మీద అడిగేశాడు, వీళ్ళు మనుషులు కారా అని. స్థానికుల మీద జరిగిన దారుణాల గురించి లాస్ కాసాస్ 1552లో అచ్చు వేయించిన పుస్తకం కూడా ముఖ్యమే, కాకపోతే అతనూ రాజుని కదిలించడానికే రాశాడు, చనిపోయినవాళ్ళ అంకెలు జనాభా లెక్కలు కావు. పైగా ఒకప్పుడు ఆఫ్రికా నుంచి బానిసల్ని తెప్పించమని సలహా ఇచ్చిందీ అతనే, తర్వాత దానికి పశ్చాత్తాపపడ్డాడు. మంచివాడు రాశాడని పరీక్ష పెట్టడం మానేయకూడదు.

ఇంతవరకు చదివి ఆపేస్తే మాత్రం ఇంకా యూరప్ గొంతే విన్నట్టు, స్థానికులు రాయలేదు అనేది పచ్చి అబద్ధం. సాహగూన్ అనే గురువు మెక్సికో స్థానికులైన నాహువా పండితులతో కలిసి చేసిన ఫ్లోరెంటైన్ కోడెక్స్‌లో పన్నెండో భాగం మొత్తం ఆక్రమణ గురించే, వాళ్ళ భాష నాహువాట్ల్, స్పానిష్ పక్కపక్కన ఉంటాయి, రెండూ అన్నిచోట్లా ఒకేలా ఉండవు, బొమ్మలు అదనం. తేడా వచ్చిన చోటల్లా గుర్తు పెట్టుకోండి. పెరూలో గ్వామాన్ పోమా అనే స్థానికుడు దాదాపు 1615లో స్పెయిన్ రాజుకి వెయ్యికి పైగా పేజీల ఉత్తరం రాశాడు, 398 బొమ్మలు గీసి, అధికారులు, గురువులు జనాన్ని ఎలా కొట్టారో, ఎలా దోచారో చూపించాడు. ఇప్పుడది కోపెన్‌హాగన్‌లోని రాజ గ్రంథాలయంలో ఉంది, ఆన్‌లైన్‌లో చూడొచ్చు, భాష రాకపోయినా బొమ్మలతో మొదలుపెట్టొచ్చు. వీళ్ళంతా ఒకే మాట మీద ఉన్నారనీ అనుకోవద్దు, మెక్సికోలోనే ఉన్న ట్లాష్కాలా అనే స్థానిక రాజ్యం వాళ్ళు మెక్సికా మీద పగతో కోర్టెస్ పక్కన యుద్ధం చేశారు, ఆ సాయం చూపించి తర్వాత రాజు దగ్గర హక్కులు అడుగుతూ అర్జీలు పెట్టుకున్నారు, కాబట్టి ఏం ఆశించి రాశారు అన్న ప్రశ్న వాళ్ళకీ వర్తిస్తుంది.

ఒక కాగితం చదవడం అయ్యాక దాన్ని ముందుకి వెంబడించండి. 1493లో పోప్ ఆరో అలెగ్జాండర్ కొత్త భూముల్ని స్పెయిన్‌కి ఇస్తూ పత్రం ఇచ్చాడు కదా, కనుక్కున్న క్రైస్తవ రాజ్యానిదే భూమి అన్న ఆ వాదనే 1823లో అమెరికా సుప్రీంకోర్టు జాన్సన్ వర్సెస్ మెకింటోష్ కేసులో వాడింది, 2005లో న్యూయార్క్ ప్రాంతపు స్థానికులైన ఒనైడా జనం భూమి కేసు తీర్పు ఫుట్‌నోట్‌లో మళ్ళీ కనపడుతుంది. వాటికన్ ఆ సిద్ధాంతాన్ని అధికారికంగా తోసిపుచ్చింది 2023 మార్చిలో, ఒనైడా తీర్పు మాత్రం తిరగరాయలేదు. పాత పత్రంతో పాటు ఈ తీర్పులు కూడా పక్కన పెట్టుకుని చదవండి, ఆ భూములు పోగొట్టుకున్నవాళ్ళ మనవలు 2005 నాటికి కూడా కోర్టుల్లోనే ఉన్నారు.