అమ్మోనైట్లకి తెల్లపొడి పడితే నేను చేసింది ఇదీ

ఇంగ్లాండ్ డోర్సెట్ తీరంలో చార్‌మత్ బీచ్‌లో మూడేళ్ల క్రితం ఏరుకున్న అమ్మోనైట్లు (నత్తగుల్లలా చుట్టలు తిరిగిన ప్రాచీన సముద్రజీవుల శిలాజాలు), సుమారు 19 కోట్ల ఏళ్ల నాటివి, పైరైట్‌గా (ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం) మారి ఇత్తడిలా మెరిసేవి, ఆర్నెల్లకే తెల్లపొడి పట్టి చిట్లడం మొదలైంది, ప్రాణం ఉసూరుమంది. మన ఇళ్లల్లో పూజించే గండకీ సాలగ్రామాలూ జురాసిక్ అమ్మోనైట్లే కదా, అందుకే వీటిమీద నాకంత మమకారం.

కారణం తేమ. గాల్లో తేమ 60 శాతం దాటితే పైరైట్ ఆక్సిజన్‌తో కలిసి ఐరన్ సల్ఫేటూ సల్ఫ్యూరిక్ యాసిడూ అవుతుంది, ఆ పొడి ఉబ్బి రాయిని లోపల్నుంచే పగలగొడుతుంది, సముద్రపు ఉప్పు ఉంటే ఇంకా తొందరగా. నేను అసలు కడక్కుండానే బాత్రూమ్ పక్క అల్మారాలో పెట్టేశా!

పాడైనవి ముందు వేరుచేశా, ఆ యాసిడ్ పక్కవాటికీ తగులుతుంది కాబట్టి. మిగతావి నాలుగైదు రోజులు మంచినీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక అసిటోన్‌లో కలిపిన పారలాయిడ్ బి-72 (పైపూతగా వాడే పారదర్శక ప్లాస్టిక్ రెసిన్) పల్చగా పూసి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టా. జెల్ రంగు మారితే ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వేస్తా. రెండు చలికాలాలు గడిచాయి, ఒక్కటీ పొడి రాల్లేదు, గుల్ల లోపలి అరల గోడల గీతలు కూడా చక్కగా కనిపిస్తున్నాయి.