మోసగాడు ఫోన్ నంబర్ కొట్టేసినా క్రిప్టో కాయిన్లు పోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

తిరుమల దర్శనానికి వెళ్లేవాళ్లు ఫోన్‌ను కౌంటర్లో అప్పగించి క్యూ కాంప్లెక్స్‌లోకి వెళ్తారు. రద్దీ రోజుల్లో అది మళ్లీ చేతికి రావడానికి ఎన్నో గంటలు పడుతుంది. ఈలోగా నంబర్ ఇంకొకరి సిమ్‌లోకి మారిపోయినా తెలియదు. బయటికొచ్చాక సిగ్నల్ కనపడకపోతే కొండ మీద మామూలేలే అనుకుంటారు. సిమ్ స్వాప్ (మీ నంబర్‌ను వేరే సిమ్‌లోకి మార్చుకోవడం) చేసే మోసగాడికి కావలసింది ఆ కాస్త సమయమే.

మీ ఆధార్ నకలు, పుట్టిన తేదీ సంపాదించి 'సిమ్ పోయింది' అని డూప్లికేట్ తీసుకుంటాడు. లేదంటే కస్టమర్ కేర్ పేరుతో ఫోన్ చేసి ఈసిమ్ (ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్) కోరే మెసేజ్‌ను మీ చేతే పంపిస్తాడు. కొత్త సిమ్ పని మొదలుపెట్టగానే మీది ఆగిపోతుంది, ఓటీపీలు వాడికి వెళ్తాయి (కాల్‌లో వచ్చేవి వెంటనే, ఎస్సెమ్మెస్‌లో వచ్చేవి 24 గంటల తర్వాత). బ్యాంకు డబ్బయితే దారిలో ఆపించే అవకాశం ఉంటుంది. బ్లాక్‌చెయిన్ (కాయిన్ల బదిలీలన్నీ నమోదయ్యే ఉమ్మడి ఖాతా పుస్తకం) మీద ఖరారైన బదిలీని వెనక్కి తిప్పే వీల్లేదు. అందుకే మీ ఫోన్ నంబర్ దేనికీ తాళంచెవి కాకుండా చూసుకోవాలి.

ముందు ఈమెయిల్

చాలామంది ఎక్స్చేంజ్ (కాయిన్లు కొని అమ్మే యాప్) నుంచి మొదలుపెడతారు. అది తప్పు. మెయిల్ చేజిక్కితే ఎక్స్చేంజ్ పాస్‌వర్డ్ మార్చడం వాడికి చిటికెలో పని. జీమెయిల్ సెక్యూరిటీ పేజీలో ముందు అథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేసేది) గానీ పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో స్క్రీన్ లాక్‌తోనో తెరిచేది) గానీ పెట్టుకోండి. బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తారు, వాటిని కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే టూ స్టెప్ వెరిఫికేషన్ నుంచి, రికవరీ నుంచి ఫోన్ నంబర్ తీసేయండి. ముందే నంబర్ తీసేస్తే ఏదో ఒకరోజు మీ మెయిల్‌లోకి మీరే వెళ్లలేరు.

తర్వాత ఎక్స్చేంజ్

ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు అథెంటికేటర్ పెట్టండి. 30 సెకన్లకోసారి మారే ఆ ఆరంకెల కోడ్ ఫోన్‌లోనే తయారవుతుంది, సిమ్‌తో దానికి పని లేదు. క్యూఆర్ స్కాన్ చేసేటప్పుడు పక్కనే కనిపించే సీక్రెట్ కీని కూడా రాసి దాచండి. అది లేకపోతే ఫోన్ పోయిననాడు కేవైసీ మళ్లీ మొదటినుంచి చేయాల్సి రావచ్చు. కోడ్‌లను గూగుల్ ఖాతాకు సింక్ చేస్తే ఆ ఖాతా పట్టినవాడికి అవీ దొరుకుతాయని గుర్తుంచుకోండి.

విత్‌డ్రాయల్ వైట్‌లిస్ట్ ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. అప్పుడు మీరు ముందే చేర్చిన వాలెట్ అడ్రస్‌లకే కాయిన్లు వెళ్తాయి.

పెద్ద మొత్తం హార్డ్‌వేర్ వాలెట్‌లోకి

ఇది కాయిన్ల తాళంచెవిని నెట్‌కు దూరంగా దాచే చిన్న పరికరం, దీన్ని తెరవడానికి నంబర్ అక్కర్లేదు. తయారీదారు వెబ్‌సైట్ నుంచే కొనండి. పెట్టెలో రికవరీ పదాలు (పరికరం పోయినా కాయిన్లను తిరిగి తెరిచే పదాలు) ముందే రాసి ఉంటే అది మోసం, వాడొద్దు. పరికరం చూపించే 12 లేదా 24 పదాలను వరసగా రెండు కాగితాల మీద రాసి, వేర్వేరు చోట్ల దాచండి. ఫొటో తీయొద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. మొదట కొంచెం మొత్తం పంపి, పరికరాన్ని రీసెట్ చేసి, ఆ పదాలతోనే తిరిగి తెరిచి చూడండి. కాయిన్లు కనిపించాకే మిగతావి పంపండి. కాయిన్లు పంపే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ తప్పుగా ఎంచుకుంటే అవి గల్లంతు కావచ్చు, కాబట్టి అడ్రస్‌తో పాటు అదీ సరిచూసుకోవాలి.

సిమ్, ఆధార్

తిరుపతిలో లాడ్జీకో జిరాక్స్ షాపుకో ఆధార్ ఇవ్వని రోజుండదు. ఒప్పుకున్నచోట చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. నకలు ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా తేదీ, ఎందుకిచ్చారో రాయండి. ఆధార్ సంస్థ యూఐడీఏఐ సైట్‌లో బయోమెట్రిక్ (వేలిముద్ర, కనుపాప) లాక్ చేయండి. మీ పేరున ఎన్ని నంబర్లున్నాయో టెలికాం శాఖ సైట్ సంచార్ సాథీలో చూసి, మీవి కానివాటిపై ఫిర్యాదు చేయండి. ఎవరు చెప్పినా *401* తో మొదలయ్యే నంబర్ డయల్ చేయొద్దు, మీ కాల్స్ వాళ్లకు మళ్లిపోతాయి. సిమ్ పిన్ మంచిదే, కానీ అది ఫోన్ దొంగతనానికి అడ్డు, సిమ్ స్వాప్‌కు కాదు.

సిగ్నల్ పోతే

పక్కవాళ్ల ఫోన్లో అదే నెట్‌వర్క్ పనిచేస్తోందా చూడండి. మీది ఒకసారి రీస్టార్ట్ చేసి, వేరే ఫోన్ నుంచి మీ నంబర్‌కు కాల్ చేయండి. మీ ఫోన్ మోగకుండా అవతల రింగవుతుంటే వెంటనే ఆపరేటర్‌కు చెప్పి నంబర్ బ్లాక్ చేయించండి. వైఫైతో ఎక్స్చేంజ్‌లోకి వెళ్లి ఖాతాను ఫ్రీజ్ చేయండి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చి అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి. టెలికాం శాఖ ఆదేశాల ప్రకారం సిమ్ మారాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి. ఆ గడువు మీకు పనికొస్తుంది, కానీ కాల్ ద్వారా వచ్చే ఓటీపీని అది ఆపదు.

తర్వాత ఒరిజినల్ ఆధార్‌తో ఆపరేటర్ స్టోర్‌కు వెళ్లి నంబర్ తిరిగి తీసుకోండి. కాయిన్లు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. ట్రాన్సాక్షన్ హాష్ (ఆ బదిలీకి ఉండే గుర్తింపు కోడ్), దొంగ వాలెట్ అడ్రస్, సిగ్నల్ పోయిన సమయం మూడూ జతచేయండి. ఆ కాయిన్లు ఏదైనా ఎక్స్చేంజ్‌కు చేరితే పోలీసులు అక్కడ ఆపించడానికి కావలసింది ఈ వివరాలే. ఫీజు కడితే కాయిన్లు వెనక్కి తెప్పిస్తామని టెలిగ్రామ్‌లో వచ్చేవాళ్లకు మాత్రం రూపాయి కూడా ఇవ్వొద్దు, అది రెండో మోసం.