ఇంటి పచ్చళ్ల ఆన్‌లైన్ వ్యాపారాన్ని బైబిలు చెప్పిన ఆర్థిక సూత్రాలతో ఎలా నడపాలి?

రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయంలో ఒక విధవరాలి కథ ఉంది. భర్త అప్పులు మిగిల్చి పోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో ఉన్నది నూనె కుండ ఒక్కటే. ప్రవక్త ఎలీషా ఆమెను ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి ఖాళీ పాత్రలు తెచ్చుకోమన్నాడు. కొడుకులు పాత్రలు అందిస్తుంటే తల్లి నూనె పోసింది, పాత్రలన్నీ నిండేదాకా ఆ నూనె ఆగలేదు. ఆ అద్భుతం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం కానీ, తర్వాత ప్రవక్త చెప్పిన మాట దగ్గర ఎక్కువసేపు ఆగం. నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలిన దానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలో ఒక్క వచనంలో చెప్పేశాడు.

ఈ రోజుల్లో ఆవకాయ, గోంగూర, కందిపొడి చేసి వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్ముతున్న క్రైస్తవ కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ కాదు. చాలామంది సీసా లేబుల్ మీద ఒక వాక్యం అచ్చు వేయిస్తారు. వేయించుకోండి, తప్పు లేదు. అయితే ఆ వాక్యంతో అసలు అవసరం పడేది లెక్కల పుస్తకం తెరిచినప్పుడు, త్రాసు ముందు నిలబడ్డప్పుడు. అక్కడ ఏం చేయాలో చూద్దాం.

1. సీసా ఖర్చు రాయండి

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడిగాడు (లూకా 14:28). మన ఇళ్లలో ఈ లెక్క మామిడికాయలు, కారం, నూనె దగ్గరే ఆగిపోతుంది. ఉదాహరణకు 350 రూపాయలకు అమ్మే అరకిలో ఆవకాయ సీసా తీసుకోండి. సరుకులకు 130, సీసా, మూత, లేబుల్‌కు 25, అట్టపెట్టె, టేపుకు 15, గ్యాసు, కరెంటుకు 8, ఇంటివాళ్ల కష్టానికి 30, కొరియర్‌కు 80. మొత్తం 288. మిగిలేది 62. ఫేస్‌బుక్ ప్రకటనకు సీసాకు 30 పడితే 32 మిగులుతుంది. ఇరవై సీసాల్లో ఒకటి పగిలి మళ్లీ ఉచితంగా పంపితే ఆ 288 నష్టాన్ని ఇరవైకీ పంచగా సీసాకు సుమారు 14 రూపాయలు. చేతిలో నిలిచేది 18.

ఈ అంకెలు నమూనాకు మాత్రమే. మీ ఊరి ధరలతో మీ పట్టిక మీరే వేసుకోండి. పెట్టెను తక్కెడలో పెట్టి చూసి సరిపెట్టుకోవద్దు. కొరియర్ సంస్థలు పెట్టె కొలతలను కూడా లెక్కగడతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలా చోట్ల 5000తో భాగిస్తారు. వచ్చింది అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. పెద్ద పెట్టెలో చిన్న సీసా పంపడమంటే గాలికి కిరాయి కట్టడమే.

ఇంటివాళ్ల కష్టానికి 30 ఎందుకని కొందరు అడుగుతారు. సామెతలు 31లో వర్ణించిన గుణవతి నార బట్టలు నేయించి అమ్మింది, పొలం చూసి కొన్నది. చివర్లో, చేసిన పనికి ప్రతిఫలం ఆమెకు ఇవ్వాలని రాసి ఉంది. వంట భార్యది, ఫోటోలు కూతురివి, పార్శిళ్లు కొడుకువి, డబ్బు మాత్రం నాన్నగారి జేబులోకి అంటే అది కుటుంబ వ్యాపారం అనిపించుకోదు.

2. ఖాతా వేరు, చూసే కళ్లు రెండు జతలు

వ్యాపారానికి విడిగా ఒక కరెంట్ ఖాతా, దానికొక క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. పాలవాడికి, స్కూలు ఫీజుకు, చుట్టాల పెళ్లి చదివింపులకు అందులోంచి తీయకూడదు. ఇంటికి కావలసింది నెలకు ఒకసారి జీతంగా ఇంటి ఖాతాకు వేసుకోండి.

పేదల కోసం పోగైన చందాను యెరూషలేముకు చేర్చేటప్పుడు పౌలు ఒంటరిగా మోయలేదు. తమ మీద నింద రాకుండా ఇతరులను వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8:20-21). అపొస్తలుడికే అంత జాగ్రత్త ఉంటే మనకు ఎంత ఉండాలి! భార్యాభర్తలిద్దరికీ ఖాతా వివరాలు కనిపించాలి. శనివారం సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఆర్డర్ల జాబితాను బ్యాంకులో పడిన సొమ్ముతో సరిచూసుకోండి. డబ్బు పంపానంటూ కొనేవాళ్లు పెట్టే స్క్రీన్‌షాట్ నమ్మి సరుకు పంపవద్దు. ఖాతాలో పడిందో లేదో చూశాకే పార్శిల్ కట్టండి. నీ పశువుల స్థితి జాగ్రత్తగా తెలుసుకో అని సామెతలు 27:23 చెప్పేది ఈ పనే.

పాస్టరు అయ్యగారి ఇంటికి ప్రేమతో పంపిన సీసా కూడా ఖర్చే. అదీ పుస్తకంలో ఎక్కాలి.

3. త్రాసు

దొంగత్రాసు యెహోవాకు హేయము అన్న మాట (సామెతలు 11:1) మనందరికీ కంఠతా వచ్చు. కానీ అరకిలో అని రాసిన సీసాలో పచ్చడి ఎంత ఉందో తూచి చూసేవాళ్లు తక్కువ. గాజు సీసా బరువు కలిపితే అది అరకిలో కాదు. ఖాళీ సీసాను త్రాసు మీద పెట్టి, సున్నాకు తెచ్చి, ఆ తర్వాత పచ్చడి నింపండి. వ్యాపారానికి వాడే త్రాసుకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. వంటింట్లో కేకు కోసం కొన్న త్రాసు ఇందుకు పనికిరాదు.

ఆన్‌లైన్‌లో దొంగత్రాసుకు వేరే రూపాలున్నాయి. పాకెట్ నూనె వాడి గానుగ నూనె అని రాయడం ఒకటి. నిన్నటి దాకా 350 ఉన్న ధరను 500 అని రాసి కొట్టేసి, తగ్గింపు ధర 350 అని చూపడం ఇంకొకటి. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, అత్తయ్య, బాబాయి, మరదలు కొనకుండానే అయిదు నక్షత్రాలు ఇవ్వడం. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు, అమ్మేవారు తామే కొనుగోలుదారులమని నటిస్తూ సమీక్షలు రాయడాన్ని నిషేధించాయి. ఆ నియమాలు లేకపోయినా అది అబద్ధ సాక్ష్యమే కదా.

4. అప్పు

అప్పు చేసేవాడు అప్పిచ్చినవాడికి దాసుడు (సామెతలు 22:7). బైబిలు అప్పును పూర్తిగా నిషేధించలేదు, దాని స్వభావాన్ని మాత్రం దాచకుండా చెప్పింది. ఆవకాయ వ్యాపారంలో అప్పు చేయాలనే శోధన వేసవిలోనే వస్తుంది. ఏడాదికి సరిపడే కాయలు, కారం ఏప్రిల్, మే నెలల్లోనే కొనాలి, డబ్బేమో ఏడాది పొడవునా చిల్లరగా వస్తుంది. అప్పుడు మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తారు. నూటికి నెలకు మూడంటే ఏడాదికి 36 శాతం. నెల వడ్డీ 3,000. సీసాకు 18 మిగిలే వ్యాపారంలో ఆ వడ్డీ కట్టడానికే నెలకు 167 సీసాలు అమ్మాలి.

చీటీ కూడా జాగ్రత్తగా చూడవలసిందే. మొదటి నెలల్లో బాగా తగ్గించి పాడి ఎత్తుకున్న చీటీ అప్పే. ఎంత పోగొట్టుకుని ఎత్తుకున్నారో పుస్తకంలో వడ్డీ కింద రాయండి. బావమరిది అప్పుకు హామీ సంతకం పెట్టేముందు సామెతలు 6 మొదటి అయిదు వచనాలు చదవండి. అప్పటికే పెట్టేసినవాళ్లు నిద్రపోకుండా వెళ్లి దాన్నుంచి విడిపించుకోవాలన్నంత ఘాటుగా ఉంటాయి.

మరి కాయలకు డబ్బెలా? ఐగుప్తులో కరవు రాకముందు, యోసేపు సమృద్ధిగా పండిన ఏడేళ్లలో పంటలో అయిదో వంతు తీసి దాచమన్నాడు (ఆదికాండము 41:34). బాగా అమ్ముడయ్యే నెలల్లో లాభంలో అయిదో వంతును వచ్చే వేసవికి విడిగా ఉంచండి. మొదటి ఏడాది అది యాభై కిలోల కాయలకే సరిపోతే యాభై కిలోలే పెట్టండి. ముందస్తు ఆర్డర్లకు తీసుకున్న అడ్వాన్సు, సరుకు చేరేదాకా మీది కాదని గుర్తుంచుకోండి.

5. దశమభాగం దేని మీద?

దేవునికి ఇచ్చే పదో వంతును ఏ మొత్తం మీద లెక్కగట్టాలన్నది సంఘాల్లో ఎప్పుడూ తెగని చర్చ. 350 అమ్మకం మీద పదో వంతు అంటే 35 రూపాయలు. పై లెక్క ప్రకారం మిగిలేదే 18. మిగతా 17 ఎవరి డబ్బు? కారం అరువిచ్చిన కొట్టువాడిదో, వెల్లుల్లి ఒలిచిన ఆమె కూలో. మరొకరికి చెందాల్సింది కానుక పళ్లెంలో వేస్తే అది మన కానుక ఎలా అవుతుంది? ధర్మశాస్త్రం పదో వంతు అడిగింది పొలంలో పండిన దానిలోంచి. నా దృష్టిలో ఇంటికి నిజంగా వచ్చినది 30 కూలి, 18 లాభం కలిపి 48. అందులో పదో వంతు 4 రూపాయల 80 పైసలు. అంతకు మించి ఇవ్వాలనిపిస్తే మీ జీతంలోంచి సంతోషంగా ఇవ్వండి. కానీ మిగిలితే చూద్దామని కాకుండా, జీతం తీసిన రోజే ముందుగా తీసి పెట్టండి. ప్రథమఫలం అంటే అదే. పుదీనా, జీలకర్రల్లో కూడా పదో వంతు లెక్కగట్టి, న్యాయాన్ని, కనికరాన్ని వదిలేసినవాళ్లను యేసు గద్దించాడు (మత్తయి 23:23). పొడులు అమ్మేవాళ్లకు ఆ వచనం కాస్త గట్టిగానే తగులుతుంది.

6. కూలి, పన్ను

కాయలు కొట్టడానికి, వెల్లుల్లి ఒలవడానికి వచ్చినవాళ్ల డబ్బు ఆ సాయంత్రమే ఇవ్వండి. కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకోకూడదని లేవీయకాండము 19:13 చెబుతోంది. ఆన్‌లైన్ డబ్బులు ఇంకా పడలేదన్న సాకు పనికిరాదు.

పన్ను ఎవరికి చెల్లించాలో వారికి చెల్లించండని రోమీయులకు 13:7. ఇంట్లో వండి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నమోదు కావాలి. వాళ్లిచ్చే 14 అంకెల సంఖ్య లేబుల్ మీద ఉండాలి. జీఎస్టీ దగ్గర చాలామంది పొరబడుతున్నారు. సరుకులు సొంత రాష్ట్రంలోనే అమ్మితే ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా నమోదు అక్కరలేదు. సరుకు రాష్ట్రం దాటితే ఆ మినహాయింపు వర్తించదు. 2014 తర్వాత విజయవాడ నుంచి హైదరాబాదుకు పంపిన కిలో పచ్చడి కూడా వేరే రాష్ట్రానికి పంపినట్టే. మొదటి పార్శిల్‌కు ముందే ఆడిటర్ దగ్గర ఒక గంట కూర్చోండి.

7. ఆదివారం

విశ్రాంతి దినాన వర్తకులు రాకుండా నెహెమ్యా యెరూషలేము తలుపులు మూయించాడు. మన దుకాణానికి తలుపు ఫోనే. వాట్సాప్ బిజినెస్‌లో, సోమవారం జవాబిస్తామని తనంతట తానే వెళ్లే సందేశం పెట్టుకోవచ్చు. వారాంతంలో సరుకు పంపకపోతే మరో మేలు కూడా ఉంది. ఆదివారం ఎండకు కొరియర్ గోదాములో పడి ఉన్న పచ్చడి సీసా నూనె కక్కుతుంది. దూరపు పార్శిళ్లు వారం మొదట్లోనే కట్టండి. సంఘం ప్రార్థన గ్రూపులో ధరల పట్టిక పెట్టవద్దు. ప్రార్థన విన్నపాల మధ్య గోంగూర ఆఫరు చూసి ఎవరూ ఏమీ అనకపోవచ్చు, మొహమాటానికి కొంటారు కూడా. మొహమాటానికి కొన్నవాళ్లు రెండోసారి కొనరు.

8. సీసా పగిలితే

ప్రతి సీసా మీద ఏ రోజు కలిపిన పచ్చడో తేదీ వేయండి. ఫిర్యాదు వస్తే ఆ రోజువి ఇంకెవరికి వెళ్లాయో తెలియాలి. పైన చెప్పిన 2020 నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. పార్శిల్ విప్పుతూ వీడియో తీయమని ముందే చెప్పి ఉంచండి, కానీ ఒక ముసలమ్మ గారికి అది చేతకాకపోతే పట్టుబట్టకండి. సుంకం వసూలు చేసే జక్కయ్య యేసును కలిశాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మీరు సీసా ధరతో పాటు కొరియర్ ఖర్చు కూడా వెనక్కి వేయండి, వేసిన మొత్తాన్ని ఆ రోజే నష్టం పద్దులో రాయండి.