చిన్ననాటి క్రికెట్ గేములో సొంత లీగు - మూడో పాఠం: వంతు, లోటు

ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు జవాబు. కంప్యూటర్ క్రికెట్ గేములో ఆరుగురు మిత్రులు, తలా ఒక జట్టు, ప్రతి జట్టూ మిగతా ఐదింటితో ఒక్కోసారి ఆడాలి. మొత్తం ఎన్ని మ్యాచ్‌లు? ఆరును ఐదుతో గుణిస్తే 30. కానీ ఆ 30లో ప్రతి మ్యాచ్ రెండుసార్లు లెక్కకు వచ్చింది కాబట్టి అందులో సగం, 15 మ్యాచ్‌లు. రోజుకు మూడు చొప్పున ఐదు రోజులు. ఆరు పేర్లనూ పైన మూడు, కింద మూడుగా రాసుకుని, పైపేరుకూ దాని కిందిపేరుకూ మ్యాచ్ వేసి, ఒక పేరును కదపకుండా మిగతా ఐదింటినీ గుండ్రంగా రోజుకో స్థానం జరుపుతూ పోతే ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో దానంతట అదే తేలుతుంది. ఐదు రోజులంటే సంక్రాంతి సెలవులకు సరిగ్గా సరిపోతుంది.

ఈ పాఠం డ్రాఫ్ట్ గురించి, అంటే ఆటగాళ్లను పంచుకోవడం గురించి. లీగు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. సరిగ్గా చేయకపోతే స్నేహాలే చెడతాయి. మాకు ఒకసారి ఆ పరిస్థితి వచ్చింది కాబట్టి ముందు అది చెప్తాను.

ఇంటర్ చదివే రోజుల్లో మేం ఆరుగురం నర్సాపురంలో ఒక నెట్ సెంటర్‌లో కలిసేవాళ్లం. గేము ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07. 2006 నవంబరులో వచ్చిన ఆ గేములో రిచీ బెనో, మార్క్ నికొలస్ కామెంటరీ ఇప్పటికీ మాకు నోటికి వస్తుంది. లైసెన్సు లేక మన ఇండియా ఆటగాళ్ల పేర్లు మార్చి పెట్టారు. ఆ పేర్లు సరిచేసిన రోస్టర్ ఫైలు, అంటే జట్లూ ఆటగాళ్ల జాబితా ఉండే ఫైలు, పెన్‌డ్రైవులో ఊళ్లు తిరిగేది. దేశాల జట్లతో ఆడి ఆడి విసుగొచ్చాక, ఆటగాళ్లందరినీ ఒక కుప్పగా పోసి మనమే పంచుకుందాం అనుకున్నాం. వరుస ఎలా? ముందు వచ్చినవాడు ముందు. ప్రతి రౌండూ అదే వరుస.

ఆరోవాడిది సఖినేటిపల్లి. గోదావరి పాయ వశిష్ఠను దాటి పంటు మీద, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద రావాలి. పంటు ఎప్పుడు కదిలితే అప్పుడు వస్తాడు కాబట్టి ఆ రోజు అందరికంటే చివర చేరాడు. 6, 12, 18, 24... ప్రతిసారీ అందరూ ఏరుకున్నాక మిగిలినవాళ్లే వాడికి దక్కారు. మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడాడు. నాలుగో రోజు రాలేదు. ఫోన్ చేస్తే "పంటు దొరకలేదురా" అన్నాడు. ఆ రోజు పంటు తిరుగుతూనే ఉంది. తప్పు వాడిది కాదు, మా వరుసది.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు ముందు పైభూములకు అందుతాయి. శివారు రైతుకు మిగిలితే మిగిలినట్టు. గోదావరిలో నీళ్లు తగ్గిన ఏడాది దాళ్వాకు, అంటే రెండో పంటకు, వంతులు పెడతారు. ఆ వంతు ప్రతిసారీ పైనుంచే మొదలైతే శివారు చేను బీటలు వారుతుంది. మా లీగులో వాడిది శివారు చేను అయింది.

దీనికి అందరూ వాడే మందు ఎదురు వరుస. స్నేక్ డ్రాఫ్ట్ అంటారు. మొదటి రౌండు 1 నుంచి 6 దాకా, రెండో రౌండు 6 నుంచి 1 దాకా, మూడోది మళ్లీ 1 నుంచి. పాము మెలికలు తిరిగినట్టు వరుస తిరుగుతుంది. ఇప్పుడు ఆరోవాడికి 6, 7 రెండూ వెంటవెంటనే వస్తాయి. మొదటివాడికి 1 తరవాత మళ్లీ 12నే. మొదటి రెండు రౌండ్లలో ఎవరి నంబర్లు కూడినా 13 వస్తుంది. ఈ గుర్తు పెట్టుకుంటే మీ వంతులు మీరే వేసుకోవచ్చు. మీరు మూడోవారు అనుకోండి: 3, తరవాత 13లోంచి 3 తీసేస్తే 10. ఆ పైన ప్రతి రెండు రౌండ్లకూ 12 కలుపుతూ పోండి: 15, 22, తరవాత 27, 34. డ్రాఫ్ట్‌కు కూర్చునే ముందే ఈ నంబర్లు అరచేతిలో రాసుకోండి. లోటు లెక్కకు ఇవే ఆధారం.

ఇందులో రెండు లొసుగులున్నాయి. ఒకటి, రౌండ్ల సంఖ్య. పదకొండు మంది జట్టు, ఇద్దరు అదనం అనుకుంటే 13 రౌండ్లు. 12 రౌండ్ల దాకా అందరికీ సమానం. పదమూడోది మళ్లీ మొదటివాడి నుంచే మొదలవుతుంది కాబట్టి వాడికి ఒక మెట్టు లాభం. అందుకే రౌండ్లు సరిసంఖ్యలో ఉండాలి. పదకొండు మంది, ఒక్కరే అదనం, 12 రౌండ్లు. మొత్తం 72 మంది ఆటగాళ్లు బయటికి వస్తారు.

రెండోది కాస్త లోతైనది. నంబర్ల మొత్తం సమానమైనంత మాత్రాన బలం సమానం కాదు. మొదటి ఆటగాడికీ ఆరో ఆటగాడికీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. ఏడోవాడికీ పన్నెండోవాడికీ మధ్య అంత ఉండదు. కొండ దిగేటప్పుడు పైన నిటారుగా ఉండి కింద మెల్లగా వాలినట్టే. కాబట్టి ఎదురు వరుసలో కూడా మొదటివాడే కొంత మేలులో ఉంటాడు. దీన్ని సరిచేయడానికి మూడో రౌండును కూడా 6 నుంచే మొదలుపెట్టండి. తరవాత నాలుగోది 1 నుంచి, ఐదోది 6 నుంచి, అలా మారుస్తూ పోవాలి. అప్పుడు మొదటివాడి వంతులు 1, 12, 18, 19, 30, 31. ఆరోవాడివి 6, 7, 13, 24, 25, 36. పన్నెండు రౌండ్లలో ఆరు పైనుంచి, ఆరు కిందినుంచి మొదలవుతాయి కాబట్టి ఆ లెక్కా చెడదు. మేం ఇప్పుడు ఇలాగే చేస్తున్నాం. మీకూ ఇదే చెప్తాను.

ఎవరు ఒకటి, ఎవరు ఆరు అన్నది చీట్లు తీసి తేల్చండి. ముందు వచ్చినవాడు, గెలిచినవాడు, సిస్టమ్ ఎవరిదైతే వాడు, ఇవేవీ వద్దు. మా లీగులో చీట్లు తీసేది ఆ సఖినేటిపల్లి వాడి కూతురు. భోగి రోజు సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చుంటాం. ఊరికి రాలేకపోయినవాళ్లు వీడియో కాల్‌లో ఉంటారు. చీటీ విప్పి చూపించేదాకా ఫోన్ కదపొద్దని వాళ్ల గోల. ఒక్కో ఎంపికకు రెండు నిమిషాలు సమయం. దాటితే వంతు పోదు, పక్కవాడు తీసుకున్నాక వస్తుంది.

ఇక లోటు. ఈ పాఠంలో అసలు నేర్చుకోవలసింది ఇదే. కాబట్టి ఇక్కడ నెమ్మదిగా చదవండి, చేతిలో పెన్ను పెట్టుకోండి.

కొత్తగా ఆడేవాళ్లు ప్రతి వంతులోనూ పట్టికలో అందరికంటే పైన ఉన్న ఆటగాణ్ణి తీసేసుకుంటారు. చూడగానే సరైన పనే అనిపిస్తుంది. కానీ మీరు వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఈ స్థానానికి ఇప్పుడు ఎవరినీ తీసుకోకపోతే, నా వంతు మళ్లీ వచ్చేసరికి ఎంత నష్టపోతాను? ఆ నష్టాన్నే మేం లోటు అంటాం. ఎక్కడ లోటు ఎక్కువో అక్కడ ముందు తీసుకోవాలి.

రెండో పాఠంలో మార్కులన్నిటినీ పరుగుల్లోకి మార్చుకున్నాం కదా. బ్యాట్స్‌మన్ తెచ్చే పరుగైనా, బౌలర్ ఆపే పరుగైనా ఒకటే కొలత. ఇప్పుడు మీరు మూడోవారు. ఇద్దరు తీసేసుకున్నారు. పట్టికలో మిగిలిన బ్యాట్స్‌మన్ల మార్కులు 28, 27, 25, 23, 21. బౌలర్లు 24, 22, 21. కీపర్లు 26, 18, 17, 16, 16, 15. మీ తరవాతి వంతు 10. మధ్యలో ఆరు ఎంపికలు జరుగుతాయి. మీ మిత్రుల సంగతి మీకు తెలుసు: ఆ ఆరింటిలో నలుగురు బ్యాట్స్‌మన్లు, ఒక బౌలర్, ఒక కీపర్ పోతారని మీ అంచనా.

బ్యాట్స్‌మన్లలో నలుగురు పోతే మిగిలే మేటి 21. లోటు 28 నుంచి 21 తీస్తే 7. బౌలర్లలో ఒకడు పోతే 22 మిగులుతుంది, లోటు 2. కీపర్లలో ఒకడు పోతే 18, లోటు 8. పట్టికలో 28 మార్కుల బ్యాట్స్‌మన్ ఊరిస్తున్నా సరే, మీరు తీసుకోవలసింది 26 మార్కుల కీపర్ని.

మా పట్టికలో ఆ 26 ఆడమ్ గిల్‌క్రిస్ట్‌ది. 2009లో డెక్కన్ చార్జర్స్‌కు కెప్టెన్‌గా ఐపీఎల్ కప్పు తెచ్చినప్పటి నుంచి మా వాళ్లకు ఆయన మీద మరీ ప్రేమ. లెక్క ఏం చెప్పినా మా బావ ఒకడు మొదటి వంతులోనే ఆయన్ని తీసుకుంటాడు. ఇలాంటి సంగతులు గమనించి ఉంచుకోవాలి, ఎందుకంటే లోటు లెక్కలో సగం మనుషుల గురించే.

ఎలాగంటే, పై అంచనాలో కీపర్ తప్పకుండా పోతాడనుకున్నాం. మధ్యలో కీపర్ని తీసుకునేవాడు ఉంటాడో లేదో సగం సగం అనిపిస్తే? అప్పుడు కీపర్ లోటు 8లో సగం, అంటే 4. బ్యాట్స్‌మన్ లోటు 7. జవాబు తిరగబడింది, బ్యాట్స్‌మన్నే తీసుకోవాలి. పదో వంతులో కీపర్ ఇంకా ఉంటే అప్పుడు తీసుకోండి. ఉంటాడో ఉండడో అన్న ఆ టెన్షన్ ఉంటుంది, నిజమే. కానీ గుడ్డిగా పందెం కాయడం కాదు ఇది, లెక్క చూసి ఆగడం.

కీపర్ల వరుస ఇంకోసారి చూడండి: 26, తరవాత 18, 17, 16, 16, 15. మొదటివాడికీ రెండోవాడికీ మధ్య 8. ఆ తరవాత అందరూ దాదాపు ఒకటే. అంటే 26 చేజారితే ఇక కీపర్ కోసం పరిగెత్తకూడదు. చివరి రౌండులో 15 తీసుకున్నా 18 తీసుకున్నవాడికంటే మూడే పరుగులు తక్కువ. అయితే డ్రాఫ్ట్‌లో ఒక కీపర్ పోగానే ఇంకొకడు తీసుకుంటాడు, అది చూసి మూడోవాడు కంగారు పడతాడు, పదినిమిషాల్లో ముగ్గురు నలుగురు కీపర్లు వెళ్లిపోతారు. ఆ సమయంలో చేయవలసింది ఒక్కటే, కాగితం చూడడం. వాళ్లందరూ కీపర్ల మీద పడ్డప్పుడు బ్యాట్స్‌మన్లు కదలకుండా ఉంటారు. మీకు మంచి బ్యాట్స్‌మన్ దొరికే సమయం అదే. ఒక్క నియమం మాత్రం ముందే పెట్టుకోండి: ఆరుగురికీ ఒక్కో కీపర్ వచ్చేదాకా ఎవరూ రెండోవాణ్ణి తీసుకోకూడదు.

బౌలర్ల దగ్గర లోటు ఇంకో రకంగా ఉంటుంది. పది ఓవర్ల మ్యాచ్‌లో ఒక బౌలర్‌కు రెండు ఓవర్లే. అంటే ఐదుగురు తప్పనిసరి, ఆరు జట్లకు 30 మంది కావాలి. పైన మెక్‌గ్రా, వార్న్, బ్రెట్ లీ లాంటి పేర్లు చూసి బౌలర్లకు కరువు లేదనుకుంటాం. ఇరవయ్యో పేరు దగ్గరకు వచ్చేసరికి మార్కులు ఒక్కసారిగా పడిపోతాయి. కాబట్టి బౌలర్ లోటు మొదటి రౌండ్లలో చిన్నదిగా కనిపించి ఆరు, ఏడు రౌండ్లలో పెరుగుతుంది. అప్పటికి మీ దగ్గర ఇద్దరే ఉంటే ఇబ్బందే. ఫ్లింటాఫ్, కలిస్ లాంటి ఆల్‌రౌండర్లు రెండు స్థానాలు నింపుతారు కాబట్టి వాళ్లను రెండు పట్టికల్లోనూ రాసుకోండి. ఒకచోట కొట్టేసినప్పుడు రెండోచోట కొట్టేయడం మరవద్దు.

కాగితం పని: మూడు నిలువు గళ్లు గీసి, స్థానానికి ఒక గడి. మార్కుల వరుసలో పేర్లు రాయండి. ఎవరు ఎవరిని తీసుకున్నా వెంటనే కొట్టేయండి. ఇద్దరు వేరువేరుగా రాస్తే తప్పు దొరుకుతుంది. డ్రాఫ్ట్ ముగిశాక ఒక్కరే ఆ జట్లను గేములో ఎక్కించి, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోని రోస్టర్ ఫైలును మిగతావాళ్లకు పంపాలి. అంతకుముందు పాత ఫైలును వేరేచోట దాచుకోండి. అందరి దగ్గరా ఫైలు సైజు ఒకటేనా కాదా చూసుకున్నాకే మొదటి మ్యాచ్ వేయాలి.

అభ్యాసం. ఆరుగురిలో మీరు ఐదోవారు, మూడో రౌండు కూడా కిందినుంచే మొదలవుతుంది. మీ మొదటి ఆరు వంతుల నంబర్లు రాయండి. రెండోది: మీ రెండో వంతు వచ్చింది. మీ దగ్గర ఒక బ్యాట్స్‌మన్ ఉన్నాడు. మిగిలిన బ్యాట్స్‌మన్లు 22, 21, 21, 20, 19. బౌలర్లు 23, 22, 19, 18. కీపర్లు 18, 17, 16. మీ మూడో వంతు దాకా ఎన్ని ఎంపికలు జరుగుతాయో ముందు లెక్కపెట్టండి. అందులో ఇద్దరు బౌలర్లు, ఒక కీపర్, మిగతావి బ్యాట్స్‌మన్లు పోతాయనుకుని మూడు లోటులూ కట్టండి. తరవాత బౌలర్లు ఇద్దరు కాకుండా ఒక్కడే పోయి, ఆ ఒక్కటీ బ్యాట్స్‌మన్లలో కలిస్తే మీ జవాబు మారుతుందో లేదో చూడండి.

వచ్చే పాఠం పాట పద్ధతి, అంటే వేలం. వంతులు లేకుండా, రేవు పాట పాడినట్టు, అందరికీ సమానంగా డబ్బు ఇచ్చి ఆటగాళ్లను పాడుకోవడం. 1980లో న్యూయార్క్‌లో రచయిత డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు తమ ఊహా లీగు కోసం బేస్‌బాల్ ఆటగాళ్లను పంచుకున్నది ఇలాగే. 2008 ఫిబ్రవరిలో ముంబయిలో జరిగిన మొదటి ఐపీఎల్ వేలంలో ధోనీ 15 లక్షల డాలర్లకు చెన్నైకి వెళ్లిందీ ఇలాగే. ఆ పాఠానికి వచ్చేటప్పుడు ఈ రోజు కట్టిన లోటు కాగితం పారేయకుండా తెచ్చుకోండి, ధరలు వేసేది దాని మీదే.