మహమ్మారి వేళ గేటు మీది కాగితం: స్థానిక ప్రకటనలు రాయడం, చేరవేయడం, తీసివేయడం

2020 మార్చి మూడో వారంలో వరంగల్‌లో బడులు, పార్కులు, సినిమా హాళ్లు ఒకటొకటిగా మూతపడ్డాయి. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది, మరునాటి నుంచి రాష్ట్రమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. ఆ రోజుల్లో మా ఇంటికి దగ్గరలోని ఒక పఠన మందిరం గేటుకు ఎవరో ఒక కాగితం అంటించారు. "కరోనా వ్యాప్తి దృష్ట్యా తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు సేవలు నిలిపివేయడమైనది" అని అందులో ఉంది. తేదీ లేదు, సంతకం లేదు, ఫోన్ నంబరు లేదు. ఎండకు సిరా వెలిసింది, వానకు అంచులు చిరిగాయి, అయినా ఆ కాగితం అక్కడే ఉంది. మందిరం తిరిగి తెరిచిన తరువాత కూడా ఉంది. పోటీ పరీక్షలకు చదువుకునే ఒక యువకుడు దానిని చదివి గేటు దగ్గరి నుంచే వెనుదిరగడం నేను కళ్లారా చూశాను. పక్క సందు వైపు తలుపు తెరిచే ఉందని నేను చెప్పే వరకు అతనికి తెలియదు.

పంచాయతీ కార్యదర్శులు, సర్పంచులు, వార్డు అధికారులు, వార్డు కమిటీల సభ్యులు, ఊరి వాట్సాప్ గ్రూపులను నడిపే యువకులు మళ్లీ అటువంటి కాలం వస్తే ప్రకటనలు ఎలా రాయాలో, ఎలా చేరవేయాలో చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ప్రకటన రాసేటప్పుడు మన పై అధికారి మన కళ్ల ముందు ఉండకూడదు. ఆటో చార్జీ పెట్టుకొని వచ్చి, మూసిన గేటు ముందు నిలబడిన మనిషి ఉండాలి. ఇది ఈ రోజు తెరిచి ఉందా, లేకపోతే ఎప్పుడు తెరుస్తారు, అంతవరకు నా పని ఎక్కడ అవుతుంది, ఎవరిని అడగాలి అన్నవే ఆ మనిషికి కావలసిన సంగతులు. ఆ నాలుగింటికి జవాబు లేని కాగితాన్ని అంటించకపోవడమే మేలు.

కలం పట్టే ముందు, మన ఊరికి ఏ ఉత్తర్వు వర్తిస్తుందో తేల్చుకోవాలి. ఇది తేలికగా కనిపిస్తుంది గాని అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టింది ఇదే. 2020 ఏప్రిల్‌లో కేంద్రం లాక్‌డౌన్‌ను మే 3 వరకు పొడిగిస్తే, తెలంగాణ ప్రభుత్వం మే 7 వరకు పొడిగించింది. తరువాత కేంద్రం మే 17 అంటే, రాష్ట్రం మే 29 అన్నది. టీవీలో ఢిల్లీ తేదీ, పత్రికలో హైదరాబాద్ తేదీ చూసిన వారు రెండింటిలో ఏది నిజమని అడిగారు. రెండూ నిజమే, కాని మనకు వర్తించేది రాష్ట్రం చెప్పిన తేదీ. అదే మే నెల మొదటి రోజున, వ్యాధి తీవ్రతను బట్టి జిల్లాలను విడదీసి ప్రకటించిన జోన్ల జాబితాలో అప్పటి వరంగల్ అర్బన్ జిల్లా రెడ్ జోన్‌లో, వరంగల్ రూరల్ జిల్లా గ్రీన్ జోన్‌లో ఉన్నాయి. పరకాల నుంచి హనుమకొండకు మందుల కోసం వచ్చే మనిషి ఒకే ప్రయాణంలో రెండు రకాల నిబంధనల కిందికి వచ్చేవాడు. అందువల్ల ప్రకటన మొదటి వాక్యంలోనే అది ఏ మండలానికి, ఏ గ్రామానికి, ఏ డివిజన్‌కు వర్తిస్తుందో పేరు పెట్టి రాయాలి. "వరంగల్ జిల్లా" అని మాత్రమే రాస్తే చాలదు. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాగా, రూరల్ జిల్లా వరంగల్ జిల్లాగా పేర్లు మారినప్పుడు పరకాల హనుమకొండ జిల్లాలోకి వచ్చింది, వరంగల్ కోట ఉన్న ఖిలా వరంగల్ మండలం వరంగల్ జిల్లాలోకి వెళ్లింది. జనం నోట మాత్రం ఇప్పటికీ వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు ఊళ్లూ కలిపి వరంగలే.

ఉత్తర్వు చేతికి వచ్చిన తరువాత, అందులోని ప్రతి సేవ గురించి దానిని నడిపే మనిషితో నేరుగా మాట్లాడాలి. రేషన్ డీలరును, ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును, ధాన్యం కొనుగోలు కేంద్రం నిర్వాహకురాలిని ఫోన్‌లో అడగడానికి అరగంట చాలు. ఉత్తర్వులో "యథావిధిగా పనిచేయును" అని ఉన్నా, సరుకు రాకపోతే డీలరు షాపు తెరవడు. అటువంటప్పుడు సరుకు ఫలానా రోజు వస్తుందని, అప్పటిదాకా రావద్దని చెప్పడం పంచాయతీకి చిన్నతనం కాదు.

అలా అడిగినప్పుడు సేవలు మూడు రకాలుగా విడిపోతాయి. పార్కులు, జిమ్‌లు, గ్రంథాలయాల వంటివి పూర్తిగా మూతపడతాయి. వీటి గురించి రెండు ముక్కలు చాలు. కొన్ని చోటు మారతాయి. ఇరుకైన కూరగాయల మార్కెట్లను మైదానాలకు తరలించడం ఇటువంటిదే. ఈ రకంలో కొత్త చోటుకు దారి చెప్పడమే అసలు పని. మూడవ రకం తెరిచే ఉంటాయి గాని పద్ధతి మారుతుంది, జనం నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. 2020 యాసంగి వడ్లు కొనడానికి ఊరూరా కేంద్రాలు పెట్టి, ఒకేసారి గుమికూడకుండా రైతులకు టోకెన్లు ఇచ్చారు. టోకెన్ సంగతి వినని రైతు ట్రాక్టరు కిరాయి కట్టి వడ్లు తెచ్చి, తన వంతు వచ్చేదాకా కల్లంలోనే పడిగాపులు కాయాల్సి వచ్చేది. అంగన్‌వాడీ కేంద్రాలు మూసి ఉన్నా గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు సరుకులు ఇంటికే ఇచ్చారు. "అంగన్‌వాడీ బంద్" అన్న ఒక్క మాట ఊరంతా పాకితే ఆ తల్లులు తమకు రావలసినది అడగడం కూడా మానేస్తారు. కాబట్టి మూసిన వాటి జాబితా కంటే ముందు, తెరిచి ఉన్నవి, ఇంటికి వచ్చేవి రాయాలి.

రేషన్ విషయంలో జరిగిన ఒక సంగతిని ప్రత్యేకంగా చెప్పాలి. 2021 ఫిబ్రవరి నుంచి వేలిముద్రకు బదులు ఫోన్‌కు వచ్చే ఓటీపీతో గాని, కంటిపాప గుర్తింపుతో గాని బియ్యం ఇచ్చే పద్ధతి తెచ్చారు. ఒకే యంత్రాన్ని అందరూ తాకకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం. కాని ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఫోన్ నంబరు జోడించి ఉండాలి. అది లేనివారు ఆధార్ కేంద్రాల ముందు బారులు తీరారు. వ్యాధి సోకకూడదని తెచ్చిన మార్పు మరొక చోట గుంపును కూడగట్టింది. కొత్త పద్ధతిని ప్రకటించేటప్పుడు దానికి ముందు జనం చేసుకోవలసిన పని ఏదైనా ఉందా, ఆ పని ఎక్కడ, ఏ రోజు, ఏ వీధి వారికి అవుతుంది, ఫోనే లేనివారు ఏం చేయాలి అన్నవి అదే కాగితంలో ఉండాలి. కంటిపాపతోనూ బియ్యం తీసుకోవచ్చన్న మాటను పెద్ద అక్షరాల్లో రాసి ఉంటే, ఆ వరుసల్లో నిలబడిన ముసలివారిలో చాలామంది ఇంటి దగ్గరే ఉండేవారని నా నమ్మకం.

ఇక రాయడం. టీకాల ప్రకటన నమూనా ఒకటి ఇక్కడ ఇస్తున్నాను. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య ఎడం మొదట నాలుగు నుంచి ఆరు వారాలు, 2021 మార్చిలో ఆరు నుంచి ఎనిమిది వారాలు, మే 13 నుంచి పన్నెండు నుంచి పదహారు వారాలు అయింది. ఇంటి గోడ మీద పాత తేదీ రాసి పెట్టుకున్నవారు ఆ తేదీకే కేంద్రానికి వచ్చి తిరిగి వెళ్లారు. అప్పటి పరిస్థితిలో ఒక ఊరి ప్రకటన ఇలా ఉండాలి:

"మన ఊరి ప్రజలకు గ్రామ పంచాయతీ ప్రకటన. జూన్ 16, బుధవారం సాయంత్రం రాసినది. జూన్ 18, శుక్రవారం ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు ఉన్నత పాఠశాలలో కోవిషీల్డ్ రెండవ డోసు వేస్తారు. మార్చి 26న గాని, అంతకు ముందు గాని మొదటి డోసు వేసుకున్నవారు మాత్రమే రావాలి. ఆ తరువాత వేసుకున్నవారికి ఈసారి వేయరు, వారి తేదీని మళ్లీ చాటింపు వేస్తాము. ఆధార్ కార్డు, మొదటి డోసు వేసుకున్నప్పటి ఫోన్ నంబరు తెచ్చుకోవాలి. నడవలేనివారి పేర్లు ఆశా కార్యకర్తకు చెప్పండి. జ్వరం, దగ్గు ఉన్నవారు రావద్దు, ముందు ఫోన్ చేయండి. ఈ ప్రకటన జూన్ 18 సాయంత్రం వరకే చెల్లుతుంది."

దాని కింద కార్యదర్శి సంతకం, పంచాయతీ ముద్ర, పగలు ఎత్తే ఒక ఫోన్ నంబరు ఉండాలి. "84 రోజులు పూర్తయినవారు అర్హులు" అని రాయకుండా మార్చి 26 అని రాయడాన్ని గమనించండి. లెక్క కట్టే పని రాసేవారిది, చదివేవారిది కాదు. "రేపు", "ఎల్లుండి" అన్న మాటలు ఒంటరిగా రాయకూడదు, ఎందుకంటే కాగితం గోడ మీద ఎన్ని రోజులు ఉంటుందో మనకు తెలియదు. తేదీ పక్కన వారం తప్పక రాయాలి. మన ఊళ్లలో పెద్దవాళ్లకు వారమే గుర్తుంటుంది. "నిలిపివేయడమైనది", "తెలియజేయనైనది" వంటి కార్యాలయ భాష ఫైలులో ఉండనివ్వండి, గోడ మీదికి తేవద్దు.

అదే ప్రకటనను మైకులో చెప్పేటప్పుడు మార్చి రాయాలి. చెత్త సేకరించే ఆటో గాని, పంచాయతీ ట్రాక్టరు గాని ఒక ఇంటి ముందు ఉండేది కొద్ది క్షణాలే. అంతలో వినిపించేది ఒకటి రెండు వాక్యాలు మాత్రమే. అందుచేత ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఒకే వాక్యంలో చెప్పి, దానినే తిరిగి చెప్పాలి. చోటును జనం పిలిచే పేరుతో చెప్పాలి. "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అంటే కొంతమందికే తెలుస్తుంది, "బొడ్రాయి పక్కన పాత బడి" అంటే పిల్లవాడికి కూడా తెలుస్తుంది. వేళ కూడా చూసుకోవాలి. ఉపాధి హామీ పనికి, వరి కోతలకు జనం తెల్లవారకముందే వెళ్లిపోతారు. పదకొండు గంటలకు వేసిన చాటింపును ఇంట్లో ఉన్న ముసలివారే వింటారు. రాత్రి భోజనాల వేళ ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వేయాలి. డప్పు చాటింపు ఉన్న ఊళ్లలో దానిని మానవద్దు. డప్పు మోగితే జనం ఇంట్లో నుంచి బయటికి వచ్చి వింటారు.

భాష గురించి ఒక మాట. వరంగల్‌లోని మండి బజార్ వంటి చోట్ల ఉర్దూలో కూడా కాగితం అంటించాలి, అది మన రాష్ట్రంలో రెండవ అధికార భాష. మహబూబాబాద్ తండాల్లో లంబాడీ మాటలో, ములుగు గూడేల్లో కోయ మాటలో చెప్పగల మనిషిని ముందే చూసి పెట్టుకోవాలి. తండా వారి ముందు తండా బిడ్డే నిలబడి చెబితే, వారు వినడంతో ఆగక ఎదురు ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలను రాసుకొని వచ్చి మరునాటి ప్రకటనలో జవాబులు చేర్చాలి.

వ్యాధి సోకినవారి గురించి రాసేటప్పుడు కఠినంగా పాటించవలసిన నియమం ఒకటి ఉంది. వీధి మూసివేత గురించి రాయవచ్చు, ఇంటి గురించి రాయకూడదు. ఫలానా వారికి వచ్చిందన్న పేరు, ఇంటి నంబరు, ఫోటో ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. అధికారుల ప్రత్యేక ఆదేశం లేకుండా రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు అంటించకూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పేరు బయటపడుతుందన్న భయంతోనే మా వీధిలో ఒక కుటుంబం పరీక్షకు వెళ్లడం ఆలస్యం చేసింది. జ్వర సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్తకు జ్వరం లేదని చెప్పి తలుపు వేసుకునే ఇంటికి మందుల కిట్టు ఎవరూ ఇవ్వలేరు. కాబట్టి సర్వే ప్రకటనలోనే "పేర్లు ఎవరికీ చెప్పము, మందులు ఇంటికే ఇస్తాము" అని రాసి, ఆ మాట నిలబెట్టుకోవాలి. అంత్యక్రియలకు ఇరవై మందికి మించి రాకూడదన్న నిబంధన ఉన్న రోజుల్లో, వైకుంఠధామంలో ఎవరితో మాట్లాడాలి, కట్టెలు ఎవరు తెస్తారు అన్నవి కూడా ముందే రాసి ఉంచడం అవసరం. చావు జరిగిన ఇంటివారు వెతుక్కోగల స్థితిలో ఉండరు.

వాట్సాప్‌లో ప్రకటనను ఫోటోగా పెడితే, ఆ ఫోటో మీదనే తేదీ పెద్దగా కనిపించాలి. 2020 నాటి లాక్‌డౌన్ వేళల ఫోటో 2021 మేలో తిరిగితే దానిని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ నెల 12న లాక్‌డౌన్ మొదలైనప్పుడు సడలింపు ఉదయం 6 నుంచి 10 వరకే ఉండేది, నెలాఖరులో మధ్యాహ్నం 1 వరకు, జూన్ 10 నుంచి సాయంత్రం 5 వరకు పెరిగింది. నెల రోజుల్లో మూడు వేళలు! తప్పుడు కబురును ఖండించేటప్పుడు ఆ తప్పును పూర్తిగా తిరిగి రాయవద్దు. సరైన వేళను ముందు చెప్పి, ఇంకేదైనా చూసి ఉంటే నమ్మవద్దని తరువాత చెప్పాలి. ప్రతి సాయంత్రం ఒకే వేళకు, మార్పు ఏమీ లేకపోయినా "నిన్నటి వేళలే నేడూ" అని ఒక ముక్క పెడితే, జనం ఆ వేళ కోసం ఎదురుచూడడం అలవాటు చేసుకుంటారు, మధ్యలో వచ్చే పుకార్లకు పట్టు తగ్గుతుంది.

చివరి పని, అందరూ మరచిపోయే పని, కాగితాలు తీసివేయడం. పంచాయతీలో ఒక నోటుపుస్తకం పెట్టి, ప్రతి ప్రకటనకు వరుస నంబరు వేసి, అది ఎన్ని చోట్ల అంటించారో, ఏ గోడలకో, ఏ రోజున తీసివేయాలో, ఎవరు తీసివేయాలో రాయాలి. పురపాలక చట్టం ప్రకారం నగరంలో ప్రతి వార్డుకు యువకులకు, మహిళలకు, పెద్దలకు, ప్రముఖులకు వేర్వేరుగా కమిటీలు ఉన్నాయి. యువకుల కమిటీలో ఒకరికి ఈ బాధ్యత ఇవ్వవచ్చు. గడువు తీరిన సాయంత్రం ఆ మనిషి పుస్తకం పట్టుకొని గోడ గోడకూ తిరిగి, పాత కాగితాన్ని చింపి, అదే చోట "ఈ రోజు నుంచి తెరిచి ఉంటుంది" అన్న కొత్త కాగితాన్ని వేళలతో సహా అంటించి, పుస్తకంలో ఆ వరుస ఎదుట సంతకం చేయాలి.