పాత పెట్రోలు జోంగాకు స్పార్క్ ప్లగ్గులు: ఏవి కొనాలి, ఎలా బిగించాలి

స్పేర్స్ దుకాణానికి వెళ్లి జోంగాకు ప్లగ్గులు కావాలంటే కౌంటర్ దగ్గర మొదట వినపడే మాట "ఏ కంపెనీవి ఇవ్వమంటారు?" అని. అది ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతి. ముందు చూడాల్సినవి మరల పొడవు, హీట్ రేంజ్, రెసిస్టర్ ఉండాలా వద్దా అన్న మూడు. ఇవి సరిపోయాక పేరున్న ఏ కంపెనీ ప్లగ్గయినా పనిచేస్తుంది. ఇవి తప్పితే ఎంత ఖరీదైన ప్లగ్ పెట్టినా బండి మిస్ కొడుతూనే ఉంటుంది.

జోంగా అంటే జబల్‌పూర్‌లో సైన్యం కోసం తయారైన నిస్సాన్ 'పట్రోల్' (Patrol) మోడల్ జీపు. దాంట్లోది 3956 సీసీ, వరసగా ఆరు సిలిండర్లున్న పెట్రోలు ఇంజన్. వరంగల్, కరీంనగర్ వైపు కనిపించేవి సైన్యం వేలంలో అమ్మగా చేతులు మారుతూ వచ్చినవే. చాలావాటిలో అసలు ఇంజన్ పీకేసి డీజిల్ పెట్టేశారు, వాళ్లకు ఈ బాధ లేదు. పెట్రోలు ఇంజన్ మిగిలిన బండ్లలో మాత్రం హెడ్డు ఒకచోటిది, కార్బురేటర్ ఇంకోచోటిది, డిస్ట్రిబ్యూటర్ మరోచోటిది అయ్యుండొచ్చు. అందుకే "జోంగా అయితే ఫలానా నంబరే" అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్ల మాట మీద కొనకండి. బండిని అడగాలి. పాత ల్యాండ్ క్రూజర్ లాంటి ఆరు సిలిండర్ల కార్బురేటర్ బండ్లకూ ఇదే పద్ధతి.

ముందు పాతవి విప్పండి

రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజన్ మీదే పని మొదలుపెట్టాలి. వేడి మీద విప్పితే హెడ్డులోని మరలు ప్లగ్గుతో పాటు ఊడి రావచ్చు. మన మొరం రోడ్ల దుబ్బ ప్లగ్ గుంతల్లో గట్టిగా పేరుకుని ఉంటుంది. ప్లగ్ తీశాక అది నేరుగా సిలిండర్‌లో పడుతుంది. కాబట్టి ప్లగ్‌ను ఒక చుట్టు వదులు చేసి, కంప్రెసర్ గాలితోనో సైకిల్ పంపుతోనో చుట్టూ ఊది, ఆ తర్వాతే పూర్తిగా విప్పండి. వైర్లకు టేపు చుట్టి 1 నుంచి 6 దాకా నంబర్లు రాయండి. 1 అంటే రేడియేటర్ వైపుది. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో స్పార్క్ పడే వరస) 1-5-3-6-2-4. వైరును పట్టి లాగొద్దు, క్యాప్‌ను పట్టుకుని తిప్పుతూ తీయండి.

తీసిన ఆరింటినీ ఒక చెక్క మీద అదే వరసలో పెట్టండి. ఏం కొనాలో సగం అక్కడే తెలిసిపోతుంది.

పొడి మసి ఆరింటికీ ఒకేలా పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందన్నమాట. చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, ఎయిర్ ఫిల్టర్ దుబ్బతో పూడుకుపోవడం, కార్బురేటర్‌లో పెట్రోలు మట్టం (ఫ్లోట్ లెవల్) పెరగడం, లేదంటే డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును తెంచి కలిపే పాయింట్లు కాలి స్పార్క్ బలహీనపడటం కారణం కావచ్చు. వీటిలో దేనికీ ప్లగ్ మార్చడం మందు కాదు.

నల్లగా తడిగా నూనెతో మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి ఇంజన్ ఆయిల్ దిగుతోంది. రింగులు అరిగాయి, లేదా వాల్వ్ గైడ్లు వదులయ్యాయి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లే తేడాగా కనిపిస్తే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయిందేమో చూడాలి. మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ ఉండే పింగాణీ తెల్లగా పాలిపోయి, దాని మీద చిన్న బొబ్బలున్నా, ఎలక్ట్రోడ్ అంచులు కరిగినట్టున్నా విషయం ముదిరినట్టే: మిశ్రమం పలచగా ఉంది (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ), లేదా స్పార్క్ టైమింగ్ మరీ ముందుంది, లేదా ప్లగ్ ఆ ఇంజన్‌కు మరీ వేడిది. పింగాణీ ముక్క విరిగి ఉంటే ఇంజన్ నాకింగ్ కొడుతుండొచ్చు.

ఒకే కార్బురేటర్‌తో నడిచే పొడవాటి ఆరు సిలిండర్ల ఇంజన్లో 1, 6 చివర్లకు పెట్రోలు కాస్త తక్కువ చేరుతుంది. ఆ రెండూ మధ్యవాటి కన్నా ఒక ఛాయ తెల్లగా ఉంటే కంగారు అక్కర్లేదు. ఒక చివరే బాగా తెల్లబడితే మాత్రం అక్కడ మానిఫోల్డ్ గాస్కెట్ గాలి పీలుస్తోందని అనుమానించాలి.

రంగు గురించి ఒక హెచ్చరిక. పాత మాన్యువళ్లలో "ఇటుక రంగు, గోధుమ రంగు ఉండాలి" అని రాసినవి సీసం కలిపిన పెట్రోలు రోజులవి. దేశమంతటా సీసం పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఇప్పటి పెట్రోలుతో ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ప్లగ్ కూడా లేత బూడిద రంగులోనో దాదాపు తెల్లగానో ఉంటుంది. పైకి కనిపించే తెలుపును చూసి కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ల సైజు పెంచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పింగాణీ కాదు, అది లోపలికి వెళ్లి ఇనుమును తాకే చోటున సన్నటి మసి గీత ఉందా లేదా అన్నది చూడాలి. గీత ఉంటే మిశ్రమం సరిగానే ఉంది.

మరల పొడవు

పాతకాలపు ప్లగ్గుల మర వ్యాసం సాధారణంగా 14 మిల్లీమీటర్లు, పట్టే పానా సైజు 20.8 మిల్లీమీటర్లు. కొత్త తరం సన్న ప్లగ్గులకు 16 పానా పడుతుంది. తేడా వచ్చేది పొడవులో. వాషర్ ఆనే అంచు నుంచి మర చివరి దాకా స్కేలుతో కొలవండి. పొట్టిదైతే 12.7, పొడుగుదైతే 19 మిల్లీమీటర్లు వస్తుంది.

పాత ప్లగ్ పొడవే సరైనదని అనుకోకండి, ముందు యజమాని తప్పుగా పెట్టి ఉండొచ్చు. సన్నటి గట్టి తీగ కొసను రెండు మిల్లీమీటర్లు వంచి, రంధ్రంలోకి దించి, మర అయిపోయే లోపలి అంచుకు తగిలించి, పై అంచు దగ్గర గుర్తు పెట్టుకుంటే హెడ్డులో మర ఎంత లోతుందో తెలుస్తుంది. తీగ చేయి జారకుండా రెండో కొసను చేతికి చుట్టుకోండి.

పొడుగు హెడ్డులో పొట్టి ప్లగ్ వేస్తే స్పార్క్ గుంతలోనే పుడుతుంది, పికప్ చస్తుంది, ఖాళీగా మిగిలిన మరల్లో మసి గట్టిపడి తర్వాత సరైన ప్లగ్ ఎక్కదు. పొట్టి హెడ్డులో పొడుగుది వేస్తే ఇంకా ప్రమాదం. పిస్టన్‌కో వాల్వ్‌కో తగలొచ్చు. తగలకపోయినా బయటికి పొడుచుకొచ్చిన మరలు ఎర్రగా కాగి, స్పార్క్ కన్నా ముందే పెట్రోలును అంటిస్తాయి.

డబ్బా మీది అక్షరాలు

ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో బీపీ6ఈఎస్ తీసుకుందాం. బీ అంటే 14 మిల్లీమీటర్ల మర. పీ అంటే పింగాణీ కొస బయటికి పొడుచుకుని ఉంటుందని. 6 హీట్ రేంజ్. ఈ అంటే 19 మిల్లీమీటర్ల పొడవు, ఆ స్థానంలో హెచ్ ఉంటే 12.7. మధ్యలో ఆర్ చేరి బీపీఆర్6ఈఎస్ అయితే రెసిస్టర్ ఉన్నది. చివర 11 అని ఉంటే గ్యాప్ (రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య ఖాళీ) 1.1 మిల్లీమీటర్లతో వస్తుంది, పాయింట్ల బండికి అది ఎక్కువ.

బాష్‌లో దీనికి సమానం డబ్ల్యూ7డీసీ, డెన్సోలో డబ్ల్యూ20ఈపీ-యూ, ఛాంపియన్‌లో ఎన్9వైసీ. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగేకొద్దీ వేడిది. ఎన్‌జీకేలో 6 నుంచి 5కు వెళ్లడమంటే బాష్‌లో 7 నుంచి 8కి వెళ్లడం.

వేడిదా, చల్లనిదా

ప్లగ్ కొస దాదాపు 450 నుంచి 500 డిగ్రీలు దాటితేనే పట్టిన మసిని అదే కాల్చుకుంటుంది. 850 డిగ్రీల పైకి పోతే నిప్పుకణంలా మారి ముందే అంటిస్తుంది. ఆ రెంటి మధ్య ఉంచే పనే హీట్ రేంజ్‌ది. వేడి ప్లగ్ అంటే స్పార్క్ వేడిగా వస్తుందని కాదు, పింగాణీ పొడవుగా ఉండి హెడ్డుకు వేడిని నెమ్మదిగా ఇస్తుందని అర్థం.

కాబట్టి బండి ఎక్కడ తిరుగుతుందో చూసి ఎంచుకోవాలి. తాడ్వాయి వైపు మట్టి బాటల్లో, వాగు ఇసుకలో లో-గేర్‌లో పాకడమే ఎక్కువైతే ప్లగ్ ఆ 450 డిగ్రీలను అందుకోదు, మసి పడుతుంది. అలాంటి బండికి ఎన్‌జీకే లెక్కన 5 నయం. ఏటూరునాగారం నుంచి వరంగల్ మీదుగా హైదరాబాద్ దాకా 163 జాతీయ రహదారి మీద, మే నెల 44 డిగ్రీల ఎండలో నలుగురినీ సామానునూ వేసుకుని గంటల తరబడి నడిపేదైతే 6 ఉండాలి. రెండూ కలిసిన వాడకానికి 6తో మొదలుపెట్టి, మసి పడితేనే 5కు రండి. ఒక మెట్టు మించి మార్చొద్దు. 7 కన్నా చల్లనివి ఈ తక్కువ కంప్రెషన్ పాత ఇంజన్‌కు అనవసరం.

ఆయిల్ తాగే సిలిండర్‌లో వేడి ప్లగ్ వేసి నెట్టుకొచ్చే పద్ధతి మన మెకానిక్‌లలో ఉంది. ఆ ఒక్క సిలిండర్‌కు, రింగులు మార్చేదాకా, నెమ్మదిగా నడిపే బండికైతే సరే. దాంతోనే హైవే ఎక్కితే పిస్టన్ కాలుతుంది.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక ఇంకో చిక్కు. ఇథనాల్‌కు గాలి తక్కువ కావాలి, కానీ పాత కార్బురేటర్ జెట్ ఎప్పటి కొలతతోనే పెట్రోలు వదులుతుంది. ఫలితంగా మిశ్రమం పలచబడి ఇంజన్ కాస్త వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ నొక్కగానే తడబడుతుంది. ముందు మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడాలి, ఆ తర్వాతే ప్లగ్ సంగతి. బండి నెలల తరబడి కదలకుండా షెడ్డులో ఉండేదైతే ట్యాంకులో నీళ్లు చేరి ఇథనాల్ అడుక్కి విడిపోవచ్చు. అలాంటప్పుడు కొత్త ప్లగ్గులు వేసినా స్టార్ట్ కాదు. ఎల్పీజీ కిట్ ఉన్న బండికి గ్యాప్ 0.1 మిల్లీమీటరు తగ్గించి, ఒక మెట్టు చల్లని ప్లగ్ వాడండి.

రెసిస్టర్, ఇరిడియం

పాయింట్లూ కండెన్సరూ ఉండి, రాగి తీగ వైర్లు ఉన్న బండికి రెసిస్టర్ లేని ప్లగ్ చాలు. రెసిస్టర్‌ది వేసినా నడుస్తుంది. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టి ఉంటే రెసిస్టర్ తప్పనిసరి. లేకపోతే వచ్చే విద్యుత్ అలజడికి ఆ కిట్ లోపలి మాడ్యూల్ తికమకపడుతుంది. ప్లగ్‌లో, వైర్లో, క్యాప్‌లో మూడింటా రెసిస్టర్లు పెట్టి స్పార్క్‌ను నీరసింపజేయడం కూడా తప్పే.

ఇరిడియం ప్లగ్గుల మీద మోజు పడొద్దన్నది మా అభిప్రాయం. మంచి కొత్త ఇంజన్లో వాటి లాభం ఎక్కువ కాలం మన్నడమే. చోక్‌తో మొదలై, ఆయిల్ కొంచెం తాగే పాత ఇంజన్లో అవీ మామూలువాటిలాగే మసి పడతాయి, పైగా సన్న కొసను రుద్ది శుభ్రం చేయలేం. ఆ డబ్బుతో మామూలు నికెల్ ప్లగ్గులు ఎనిమిది కొనండి: ఆరు ఇంజన్‌కు, రెండు బండిలోకి.

నకిలీలు

దుకాణంలోనే చూడండి. అసలు ప్లగ్ వాషర్ మరల మీద చిక్కుకుని ఉంటుంది, వేలితో తోస్తే జారి ఊడిపోదు. మధ్య ఎలక్ట్రోడ్ సరిగ్గా నడిమధ్యన ఉండాలి, పింగాణీ మీది అక్షరాలు గోటికి చెరగకూడదు, మరలు నున్నగా ఉండాలి. మల్టీమీటర్ ఉంటే పై కొస నుంచి మధ్య ఎలక్ట్రోడ్‌కు కొలవండి. రెసిస్టర్ ఉన్నదానికి 5 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో, లేనిదానికి దాదాపు సున్నా రావాలి. ఆర్ అని రాసి ఉండి సున్నా చూపిస్తే వదిలేయండి.

గ్యాప్, బిగింపు

పాయింట్ల బండికి 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ఎలక్ట్రానిక్ కిట్ ఉంటే 0.9 దాకా పోవచ్చు. డబ్బాలోంచి తీసినవాటిని నమ్మక, ఆరింటినీ కొలవండి. సర్దేటప్పుడు బయటి కొక్కాన్నే వంచాలి. మధ్య ఎలక్ట్రోడ్‌ను ఆనిక చేసి పైకెత్తితే లోపల పింగాణీ చిట్లుతుంది, అది పైకి కనిపించదు.

క్యాప్ రకం కూడా చూసుకోండి. కొన్ని క్యాప్‌లు సన్న మర కొసను పట్టుకుంటాయి, కొన్ని దాని మీది గుండ్రని నట్టును. నట్టు వదులుగా ఉంటే లోపలే స్పార్క్ కొట్టి అప్పుడప్పుడు మిస్ అవుతుంది. పట్టకారతో బిగించి చూడండి.

మొదట పానా లేకుండా చేత్తోనే, లేదంటే రబ్బరు పైపు ముక్క తొడిగి ఎక్కించండి. అడ్డంగా ఎక్కితే పైపు జారుతుంది, మర పాడుకాదు. వాషర్ ఆనాక కొత్త ప్లగ్‌కు అరచుట్టు బిగించాలి. ముందే వాడినదైతే వాషర్ నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు చాలు. టార్క్ రెంచ్ ఉంటే ఇనుప హెడ్డుకు 25 నుంచి 35 న్యూటన్ మీటర్లు. మరలకు గ్రీజు పూయొద్దు, పూస్తే అదే టార్క్‌కు మరింత బిగిసిపోయి మర సాగుతుంది. వదులుగా వదిలేస్తే వేడి హెడ్డుకు చేరక ప్లగ్ కాలిపోతుంది. వాగులు దాటే బండి అయితే క్యాప్ లోపలి అంచుకు కాస్త సిలికాన్ గ్రీజు పూస్తే నీళ్లు దూరవు.

వైర్లు కూడా కొత్తవి వేస్తుంటే ఒక్కొక్కటిగా మార్చండి, డిస్ట్రిబ్యూటర్ నుంచి అన్నీ ఒకేసారి పీకొద్దు.

మళ్లీ ఎప్పుడు చూడాలి

రెండు మూడు వందల కిలోమీటర్లు నడిచాక ఒకసారి తీసి చూడండి. ఖాళీ రోడ్డు మీద పది కిలోమీటర్లు ఒకే వేగంతో లాగించి, పక్కకు ఆపిన వెంటనే ఇంజన్ కట్టేసి, చల్లబడ్డాక విప్పాలి. ఐదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి విప్పితే ఏ ప్లగ్గయినా నల్లగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ఐదు వేల కిలోమీటర్లకోసారి గ్యాప్ సరిచూసుకుంటే చాలు, 15 వేలకు మార్చేయండి. మసి పట్టినవాటిని పెట్రోలు, మెత్తటి బ్రష్‌తో కడగండి. ఇనుప బ్రష్ పింగాణీ మీద లోహపు గీతలు వదులుతుంది, కరెంటు వాటి మీదుగా పారిపోతుంది. ఇసుకతో ఊదే మెషీన్ వాడితే పింగాణీ మూల ఇరుక్కున్న గింజ తర్వాత సిలిండర్‌లో రాలుతుంది.

కొత్తవి వేశాక కూడా ఒక్క సిలిండర్ ప్లగ్గే మళ్లీ తడిస్తే ప్లగ్గులు మార్చడం ఆపి కంప్రెషన్ కొలవండి. కాయిల్ వైరు తీసి, ఆరు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. ఆరు అంకెల మధ్య తేడా 10 నుంచి 15 శాతం లోపు ఉండాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్.